తాళంచెవి ఒక్కటే చాలునా?

తుంగభద్రకు ఈవలి ఒడ్డున, జోగులాంబ గద్వాల జిల్లాలో ఏ పల్లెకు వెళ్ళినా, చౌకధరల దుకాణం ముందు నెలనెలా ఒకే దృశ్యం కనిపిస్తుంది. సంచి చేతబట్టుకొని వచ్చిన వృద్ధురాలు ఈ-పాస్ యంత్రంపై వేలు ఆనిస్తుంది. కొన్ని క్షణాల నిరీక్షణ. యంత్రం అవునన్నదా, కాగితపు చీటీ బయటికి వస్తుంది. డీలరు బియ్యం తూకానికి లేస్తాడు. కాదన్నదా, ఆమె వేలిని కొంగుకు తుడుచుకొని మళ్ళీ పెట్టాలి. ఆ నెల తిండిగింజలు ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంటాయి.

ఆ కొద్ది క్షణాలలో జరిగే పని చిన్నది కాదు. యంత్రం ఆమె వేలిముద్రను సంఖ్యల వరుసగా మార్చి, పరుల కంట పడకుండా మరుగుపరచి, దూరాన ఉన్న కేంద్రానికి పంపుతుంది. కేంద్రంలోని కంప్యూటరు ఆ మరుగును తొలగించి, తన వద్దనున్న ముద్రతో పోల్చి బదులిస్తుంది. సమాచారాన్ని ఇట్లా మరుగుపరచడాన్ని గుప్తీకరణం అనీ, మరుగు తొలగించి మూలరూపాన్ని రాబట్టడాన్ని విగుప్తీకరణం అనీ అంటారు. ఎన్‌క్రిప్షన్, డిక్రిప్షన్ అని లోకంలో వాడుకలో ఉన్న మాటలు వీటికి సంబంధించినవే.

ఇక్కడ గమనింపదగిన విషయం ఒకటున్నది. ముద్రను మరుగుపరచే పరికరాన్ని తయారుచేసేది ఒక సంస్థ, విప్పి చూసేది మరొక సంస్థ. ఒకచోట ప్రోగ్రాము జావాలో ఉండవచ్చు. మరొకచోట సి షార్ప్‌లోనో పైథాన్‌లోనో ఉండవచ్చు. ఇవి కంప్యూటరుకు పని చెప్పే భాషలు. ఒక్కొక్క దానికి ఒక్కొక్క వ్యాకరణం, ఒక్కొక్క సంప్రదాయం. గద్వాల చీరలో ఒడలు నూలు, అంచు పట్టు. స్వభావం వేరైన ఆ రెండు దారాలను కలిపే చోటనే అక్కడి నేతగాని నేర్పంతా ఉన్నది. భాష వేరైన రెండు ప్రోగ్రాములు కలిసే చోటు కూడా అటువంటిదే. తాళంచెవి ఇద్దరి వద్దా ఒక్కటే అయినా తలుపు తెరుచుకోని సందర్భాలు ఈ రంగంలో కోకొల్లలు. ఎందుకు తెరుచుకోదు? తెరుచుకోవాలంటే ఇరుపక్షాలవారు ముందుగా ఏయే విషయాలు చెప్పుకొని ఉండాలి? ఈ వ్యాసంలో పరిశీలింపదలచినది ఇదే.

మరుగుమాట మనకు కొత్త కాదు. వాత్స్యాయనుడు పేర్కొన్న అరువదినాలుగు కళలలో మ్లేచ్ఛితవికల్పం ఒకటి. తెలిసిన మాటనే అక్షరాల మార్పుతో ఇతరులకు తెలియని మాటగా వ్రాయడం దాని స్వరూపం. జయమంగళ వ్యాఖ్యానంలో యశోధరుడు దీనికి కౌటిలీయం, మూలదేవీయం అని భేదాలు చూపాడు. మూలదేవీయంలో అక్షరాలను జంటలుగా కూర్చి, ఒకదానికి బదులు దాని జంటను వ్రాస్తారు. జంటల పట్టిక తెలిసినవాడు చదవగలడు, తెలియనివాడు చదవలేడు. ఆ పట్టికయే తాళంచెవి.

అయితే పట్టిక తెలిసినంత మాత్రాన పని నెరవేరుతుందా? ఈ ప్రశ్నకు కటపయాది పద్ధతి చక్కని సమాధానమిస్తుంది. రహస్యం కోసం కాక, సంఖ్యలను సులువుగా జ్ఞాపకముంచుకోవడం కోసం ఏర్పడిన పద్ధతి ఇది. క, ట, ప, య అనే అక్షరాలు ఒక్కొక్కటి 1. ఆపై వరుసగా 2, 3 అని అంకెలు పెరుగుతాయి. కర్ణాటక సంగీతంలోని 72 మేళకర్త రాగాల పేర్లలో మొదటి రెండు అక్షరాలను బట్టి వాటి సంఖ్య తెలుస్తుంది. ధీరశంకరాభరణంలో 'ధ' 9, 'ర' 2. ఆ అంకెలను కుడినుంచి ఎడమకు చదవాలన్నది నియమం. అట్లా చదివితే 29. శంకరాభరణం 29వ మేళమే.

ఇప్పుడు అక్షరాల పట్టిక తెలిసి, కుడినుంచి చదవాలన్న నియమం తెలియని విద్యార్థి ఒకడు ఉన్నాడనుకొందాం. అతనికి 92 వస్తుంది. మేళకర్తలు 72 మాత్రమే కనుక ఎక్కడో పొరపాటు జరిగిందని అతడు వెంటనే గ్రహిస్తాడు. కాని అతనికే మాయామాళవగౌళ ఇచ్చి చూడండి. 'మ' 5, 'య' 1. సరియైన సంఖ్య 15. అతనికి వచ్చేది 51. మేళకర్తలలో 51వది కూడా ఉన్నది, దాని పేరు కామవర్ధని. తాను తప్పుచేసినట్లు అతనికి తెలియనే తెలియదు. మొదటి తప్పు కేక వేసి చెప్పింది, రెండవది నోరు మెదపలేదు. రెండు ప్రోగ్రాముల మధ్య పొత్తు కుదరనప్పుడు కూడా ఈ రెండు విధాలైన తప్పులే కలుగుతాయి. రెండవ విధమైనదే ఎక్కువ కీడు చేస్తుంది.

నేడు లోకమంతటా విరివిగా వాడుకలో ఉన్న గుప్తీకరణ పద్ధతి పేరు ఎ.ఇ.ఎస్. బెల్జియం దేశానికి చెందిన డేమన్, రైమెన్ అనే ఇద్దరు పండితులు రైన్‌డాల్ అనే పేరుతో రూపొందించిన ఈ పద్ధతిని 2001లో అమెరికా ప్రభుత్వం ప్రమాణంగా ప్రకటించింది. ఇది 16 బైట్ల సమాచారాన్ని తీసుకొని, తాళంచెవి సహాయంతో కలగలిపి, 16 బైట్లుగానే బయటికి ఇస్తుంది. బైటు అంటే 0 నుంచి 255 వరకు గల ఒక సంఖ్య. తాళంచెవి 16, 24 లేదా 32 బైట్లు ఉండాలి. ఈ గణితం జావాలోనూ పైథాన్‌లోనూ ఒక్కటే. కనుక చిక్కు గణితంలో లేదు. గణితానికి ముందు జరిగే పనులలోనూ, తరువాత జరిగే పనులలోనూ ఉన్నది.

మొదటి చిక్కు అక్షరాలతోనే ఆరంభమవుతుంది. ఎ.ఇ.ఎస్. పద్ధతికి అక్షరాలు తెలియవు, సంఖ్యలు మాత్రమే తెలుసు. 'గద్వాల' అనే మాటను తీసుకొందాం. ఛందస్సు దృష్టిలో అందులో ఉన్నవి మూడు అక్షరాలు. యూనికోడ్ దృష్టిలో ఆరు సంకేతాలు: గ, ద, పొల్లు, వ, దీర్ఘం, ల. ఈ ఆరింటిని బైట్లుగా వ్రాసే తీరులు ఒకటికంటె ఎక్కువ ఉన్నాయి. యు.టి.ఎఫ్.-8 అనే తీరులో తెలుగు సంకేతం ఒక్కొక్కటి 3 బైట్లు ఆక్రమిస్తుంది; కనుక గద్వాల 18 బైట్లు. యు.టి.ఎఫ్.-16 తీరులో సంకేతానికి 2 బైట్లు. కనుక 12 బైట్లు. ఒక్క 'గ' కారమే మొదటి తీరులో 224, 176, 151 అవుతుంది. రెండవ తీరులో 12, 23 అవుతుంది. అందులోనూ కొన్ని యంత్రాలు 12, 23 అని వ్రాస్తే, మరికొన్ని 23, 12 అని వ్రాస్తాయి. కటపయాదిలోని కుడి ఎడమల తగవు ఇక్కడ కూడా తప్పలేదన్నమాట.

ఒకరు 18 బైట్లను మరుగుపరచి పంపితే, విప్పినవారు వాటిని 12 బైట్ల సంప్రదాయంలో చదవబోతే కనిపించేది గద్వాల కాదు, అర్థంలేని గీతల గుంపు. దీనికంటె ఘోరమైనది మరొకటున్నది. జావా భాషలో అక్షరాలను బైట్లుగా మార్చేటప్పుడు ఏ తీరులో మార్చాలో ప్రోగ్రాము వ్రాసేవారు చెప్పకపోతే, ఆ యంత్రంలో అంతకుముందే ఉన్న తీరు అమలవుతూ ఉండేది. పాశ్చాత్య లిపులకు మాత్రమే పనికివచ్చే తీరు ఉన్న యంత్రం మీద 'గద్వాల' ఆరు ప్రశ్నార్థకాలుగా మారిపోయేది. ఆ ప్రశ్నార్థకాలే భద్రంగా గుప్తీకరణం పొంది, భద్రంగా ప్రయాణం చేసి, అవతల భద్రంగా విప్పబడేవి. తాళం మంచిదే, చెవి మంచిదే. పెట్టెలో పెట్టేటప్పుడే సొమ్ము మారిపోయింది. పోయిన పేరును ఇక ఏ విద్యా తిరిగి తేలేదు. 2022లో వెలువడిన జావా 18వ సంపుటం నుంచి యు.టి.ఎఫ్.-8 సహజ నియమమైంది. పాత సంపుటాలతో నడుస్తున్న కార్యాలయాలకు మాత్రం ఆ మార్పు వర్తించదు.

పొరుగు పట్టణాల పేర్లను కూడా చూద్దాం. వనపర్తిలో సంకేతాలు ఏడు, అనగా యు.టి.ఎఫ్.-8లో 21 బైట్లు. నాగర్‌కర్నూల్ దగ్గరకు వచ్చేసరికి విశేషం కనిపిస్తుంది. ఆ పేరును యథేచ్ఛగా టైపు చేస్తే 'ర్' తరువాతి 'క' దానితో సంయుక్తమై, మొదటి అక్షరాల రూపం మారిపోతుంది. ఆ రెండింటినీ విడిగా నిలపడానికి నడుమ కంటికి కనిపించని సంకేతమొకటి చేరుస్తారు. దానికి వెడల్పు లేదు, ఉచ్చారణ లేదు. అయినా యు.టి.ఎఫ్.-8లో అది 3 బైట్లు తీసుకొంటుంది. అది చేర్చినవారి నాగర్‌కర్నూల్ 39 బైట్లు, చేర్చనివారిది 36. ఒకే జిల్లా పేరు ఒక కార్యాలయంలో ఒక విధంగా, మరొక కార్యాలయంలో వేరొక విధంగా నమోదయితే, గుప్తీకరించిన తరువాత ఆ రెండింటికీ పోలికే ఉండదు. మన లిపిలో ఇటువంటి సూక్ష్మం ఇంకొకటి ఉన్నది. ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ వ్రాయవచ్చు, ఎత్వం మీద మరొక గుర్తు చేర్చి రెండు సంకేతాలుగానూ వ్రాయవచ్చు. యూనికోడ్ ఈ రెండూ సమానమే అంటుంది. బైట్లను లెక్కించే యంత్రం అట్లా అనదు. కనుక గుప్తీకరణానికి ముందే ఒక రూపానికి తేవాలని ఒప్పుకోవలసి ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో మాత్రమే పనిచేసేవారు ఈ చిక్కులను ఊహింపజాలరు. ఆ అక్షరాలు పైన చెప్పిన పాశ్చాత్య తీరులోనూ యు.టి.ఎఫ్.-8లోనూ ఒక్కటిగానే ఉంటాయి.

రెండవ చిక్కు తాళంచెవిది. మనుషులు రహస్యపదాన్ని మాటగా పెట్టుకొంటారు, ఎ.ఇ.ఎస్. పద్ధతికి 16, 24 లేదా 32 బైట్లే కావాలి. 'వనపర్తి' అనే 21 బైట్ల మాటను తాళంచెవిగా ఇచ్చామనుకొందాం. జావా ఆ పొడవు చెల్లదని నిరాకరిస్తుంది. పి.హెచ్.పి. భాషలోని ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. సాధనం నిరాకరించదు. 32 బైట్లు కావలసిన చోట మిగిలిన 11 బైట్లను సున్నలతో తానే నింపుకొంటుంది. 16 చాలిన చోట ఎక్కువైన 5 బైట్లను కత్తిరించి పారవేస్తుంది. అప్పుడు తకారం నడిమికి తెగిపోతుంది. ఈ రెండు పనులూ అది మాట మాత్రమైనా చెప్పకుండానే చేస్తుంది. అటువంటి మౌనసహాయం కంటె జావా చేసే నిరాకరణమే మేలని నా అభిప్రాయం.

మాటను తాళంచెవిగా మార్చడానికి శాస్త్రీయమైన పద్ధతులు లేకపోలేదు. 2000లో ప్రకటితమైన పి.బి.కె.డి.ఎఫ్.-2 వాటిలో ప్రసిద్ధమైనది. రహస్యపదానికి కొన్ని యాదృచ్ఛిక బైట్లు చేర్చి, వేలమారులు మథించి తాళంచెవిని రాబడతారు. చేర్చే ఆ బైట్లకు 'ఉప్పు' అని అర్థమిచ్చే సాల్ట్ అనే పేరు పెట్టారు. ఉప్పు ఏది, మథనం ఎన్నిమారులు, ఏ కవ్వంతో అన్న మూడు సంగతులూ ఇరువురికీ తెలియాలి. ఏ ఒక్కటి మారినా చెవి మారుతుంది. ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. ఆదేశంతో రహస్యపదం పెట్టి భద్రపరచిన పాత దస్త్రాలు 2016లో వచ్చిన 1.1.0 సంపుటంలో తెరుచుకోక ఎందరో కలవరపడ్డారు. రహస్యపదం మారలేదు. దానిని తాళంచెవిగా మార్చే లోపలి పద్ధతి ఎం.డి.-5 నుంచి ఎస్.హెచ్.ఎ.-256కు మారింది. పాత పద్ధతి పేరు చెప్పినవారికి దస్త్రం తెరుచుకొన్నది.

ఇక మూడవది, సాహిత్య విద్యార్థులకు ఇట్టే బోధపడేది. ఎ.ఇ.ఎస్. సమాచారాన్ని 16 బైట్ల పాదాలుగా విభజించుకొంటుంది. గద్వాల 18 బైట్లు. మొదటి పాదం నిండి, రెండవ పాదంలో రెండే బైట్లు పడతాయి. మిగిలిన 14 స్థానాల సంగతి ఏమిటి? గణం తక్కువైనచోట మన కవులు పాదపూరణానికి ఏదో ఒక అవ్యయం వేసేవారు. ఇక్కడ కూడా అట్లాంటి పూరణమే జరుగుతుంది. పి.కె.సి.ఎస్.-7 అనే సంప్రదాయంలో ఎన్ని స్థానాలు ఖాళీయో ఆ సంఖ్యనే అన్ని స్థానాలలోనూ వ్రాస్తారు. అనగా 14 అనే సంఖ్య 14 మారులు. విప్పినవారు చివరి సంఖ్యను చూసి అన్ని బైట్లను తొలగిస్తారు. పాదం సరిగ్గా నిండిపోతే పూరణం అక్కరలేదని తోచవచ్చు. అప్పుడు కూడా 16 అనే సంఖ్యతో నిండిన ఒక కొత్త పాదాన్ని చేర్చవలసిందే. లేకపోతే ఏది అర్థవంతమో, ఏది పూరణమో తేలదు. మరొక సంప్రదాయంలో ఖాళీలను సున్నలతో నింపుతారు. సమాచారమే సున్నతో ముగిసేదైతే ఏ సున్న ఎవరిదో చెప్పలేము. ఒకరు ఈ సంప్రదాయంలో నింపి, మరొకరు ఆ సంప్రదాయంలో తీయబోతే తగవు తప్పదు. చిత్రమేమంటే సంప్రదాయం ఒక్కటే అయి పేర్లు రెండైనందువల్ల కూడా తగవులు వచ్చాయి. జావా తన పాత అలవాటుచొప్పున పి.కె.సి.ఎస్.-5 అని పిలిచే పూరణం ఇక్కడ పి.కె.సి.ఎస్.-7 పూరణమే.

పాదాలను ఒకదానితో ఒకటి కలిపే తీరు కూడా ముఖ్యమే. దేనికదిగా మరుగుపరచే తీరును ఇ.సి.బి. అంటారు. ఇందులో ఒకే విధమైన పాదాలు రెండుంటే వాటి గుప్తరూపాలు కూడా ఒకే విధంగా ఉంటాయి. దానినిబట్టి లోపలి సంగతిని ఊహించే వీలు కలుగుతుంది. సి.బి.సి. అనే తీరు వేరు. అలంకారాలలో ముక్తపదగ్రస్తం చదివారు కదా. విడిచిన పదాన్ని తరువాతి పాదం అందుకొన్నట్లు, ఇక్కడ ఒక పాదపు గుప్తరూపాన్ని తరువాతి పాదం తనలో కలుపుకొంటుంది. మరి మొదటి పాదానికి ముందు ఏమీ లేదే! దానికోసం 16 బైట్ల ఆదివరుసను విడిగా ఇస్తారు. ఇది రహస్యం కాదు. కాని ప్రతి మారూ కొత్తదై, ముందుగా ఊహింపశక్యం కానిదై ఉండాలి. అవతలివారికి అందాలి కూడా. పద్ధతి పేరు మాత్రం చెప్పి ఊరుకొంటే జావా సాధారణంగా ఇ.సి.బి. తీరును తీసుకొంటుంది, సి షార్ప్ సి.బి.సి. తీరును తీసుకొంటుంది. ఇద్దరూ 'మేము వాడినది ఎ.ఇ.ఎస్.' అనే అంటారు. ఇద్దరి మాటా నిజమే.

అనుభవజ్ఞుడైన వైద్యుడు నాడి చూసి రోగం చెప్పినట్లు, అనుభవజ్ఞులు చెడిన సందేశాన్ని చూసి కారణం చెప్పగలరు. సి.బి.సి. సందేశంలో మొదటి 16 బైట్లు మాత్రమే చెడి మిగిలినదంతా సరిగా వస్తే, ఆదివరుస తప్పు. చివర వింత అక్షరాలు వ్రేలాడుతుంటే పూరణం తప్పు. తెలుగు ఉండవలసిన చోట ప్రశ్నార్థకాలుంటే అక్షరాల తీరు తప్పు. ఆద్యంతం అయోమయంగా ఉంటే తాళంచెవినే శంకించాలి.

పేరును నమ్మి మోసపోయిన కథ ఒకటి ప్రసిద్ధమే. పి.హెచ్.పి. భాషలో చాలాకాలం ఎంక్రిప్ట్ అనే సాధనం ఉండేది. అందులో రైన్‌డాల్-256 అనే ఎంపికను చూసినవారు అది 256 బిట్ల తాళంచెవి గల ఎ.ఇ.ఎస్. అనుకొన్నారు. నిజానికి అక్కడి 256 పాదపు పొడవు. అనగా 32 బైట్ల పాదం. ఎ.ఇ.ఎస్. ప్రమాణంలో పాదం 16 బైట్లే. అందువల్ల ఆ విధంగా మరుగుపరచిన సందేశాలు ఇతర భాషలలోని ఎ.ఇ.ఎస్. సాధనాలతో ఎంత ప్రయత్నించినా విడిపోలేదు. 2017లో వచ్చిన పి.హెచ్.పి. 7.2 నుంచి ఆ సాధనాన్ని తొలగించారు. దానితో మరుగుపరచిన పాత దస్త్రాలను చేతిలో ఉంచుకొన్నవారి ఇబ్బంది మాత్రం ఆనాటితో తొలగలేదు.

నాలుగవది ప్రయాణానికి సంబంధించినది. గుప్తరూపంలోని బైట్లను యథాతథంగా పంపితే దారిలో చెడవచ్చు. అందుకని 64 అక్షరాలతో కూడిన బేస్-64 అనే లిపిలోకి మారుస్తారు. ఆ లిపిలో కూడిక గుర్తు ఒక అక్షరం. వెబ్ చిరునామాలో అది చిక్కుకొంటే ఖాళీస్థలంగా మారిపోతుంది. ఆండ్రాయిడ్‌లో ప్రత్యేకంగా వద్దనకపోతే 76 అక్షరాలకొకసారి పంక్తి విరుగుతుంది. ఇవి చిల్లర విషయాలు. చిల్లర విషయాలతోనే ప్రోగ్రామర్ల రాత్రులు గడిచిపోతుంటాయి.

ఇన్ని చిక్కులను దేశవ్యాప్తంగా ఎట్లా పరిష్కరించుకొన్నారన్నదానికి ఆధార్ ధ్రువీకరణ వ్యవస్థయే గొప్ప ఉదాహరణ. చౌకధరల దుకాణంలోని యంత్రం ప్రశ్న పంపేది ఆ వ్యవస్థకే. ఏ సంస్థవారు ఏ భాషలో ప్రోగ్రాము వ్రాసుకొన్నా అభ్యంతరం లేదు. కాని ప్రతి బైటు ఎక్కడ ఉండాలో తెలిపే నిర్దేశపత్రాన్ని ఆధార్ ప్రాధికార సంస్థ ప్రకటించింది. దాని ప్రకారం ప్రతి ధ్రువీకరణకూ 32 బైట్ల కొత్త తాళంచెవి పుట్టాలి. వేలిముద్ర సమాచారాన్ని ఆ చెవితో ఎ.ఇ.ఎస్. పద్ధతిలో మరుగుపరచాలి. ఆ చెవిని మాత్రం ప్రాధికార సంస్థవారి 2048 బిట్ల బహిరంగ తాళంతో బిగించి పంపాలి. ఆ తాళాన్ని ఎవరైనా వేయగలరు. తీయగలిగేది కేంద్రం ఒక్కటే. నడుమనున్న సంస్థలు సందేశాన్ని మోసుకొనిపోగలవే కాని లోపల ఏమున్నదో చూడలేవు.

తొలి నిర్దేశాలలో ఇ.సి.బి. తీరు, పి.కె.సి.ఎస్.-7 పూరణం ఉండేవి. 2017లో వచ్చిన 2.0 సంపుటం నుంచి జి.సి.ఎం. అనే తీరును విధించారు. ఇందులో పూరణం అక్కరలేదు. పైగా సందేశంతోపాటు 16 బైట్ల ముద్ర ఒకటి వస్తుంది. దారిలో ఒక్క బైటు మారినా, విప్పేవారు ఒక్క నియమం తప్పినా ముద్ర సరిపోలదు. సందేశం మొత్తం నిరాకరింపబడుతుంది. మాయామాళవగౌళ మౌనంగా కామవర్ధనిగా మారిపోయే ప్రమాదం ఇక ఉండదు, ప్రతి తప్పూ 92 అని కేక వేసి చెబుతుంది.

ఈ తీరుకు కూడా ఆదివరుస కావాలి. దానిని ఎక్కడినుంచి తేవాలో నిర్దేశపత్రం ఎంత వివరంగా చెప్పిందో చూడండి. సందేశం పుట్టిన తేదీని, వేళను సంవత్సరంతో మొదలుపెట్టి సెకన్ల వరకు వ్రాస్తే 19 అక్షరాలవుతాయి. వాటిలో చివరి 12 బైట్లు ఆదివరుస. చివరి 16 బైట్లు, మరుగుపడకుండానే ముద్ర లెక్కలో చేరే అదనపు సమాచారం. ఆ వేళ మొత్తాన్ని గుప్తరూపానికి ముందు చేర్చాలి. సందేశంలో మరొకచోట వ్రాసే వేళ కూడా అదే అయి ఉండాలి, ఒక్క సెకను తేడా రాకూడదు. ఒంటి అంకె గల నెలకు ముందు ఒకరు సున్న వ్రాయకపోతే ఏమవుతుంది? చివరి 12 బైట్లు మారవు, చివరి 16 మారతాయి. ముద్ర సరిపోలదు. ఇంత సూక్ష్మమైన విషయాన్ని నోటిమాటగా చెప్పుకొంటే నిలుస్తుందా? ఇక ముద్ర సంగతి. జావా దానిని గుప్తరూపం చివర అతికించి ఇస్తుంది. సి షార్ప్‌లోనూ, పైథాన్‌లోని ప్రసిద్ధ సాధనాలలో ఒకదానిలోనూ అది విడిగా వస్తుంది. ఎవరికెట్లా వచ్చినా పంపవలసిన క్రమం ఒక్కటే కావాలి.

పాలమూరు ప్రాంతానికి ఈ విషయంతో మరింత దగ్గర సంబంధమున్నది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు 2016 అక్టోబరు 11న పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుంచి ఏర్పడ్డాయి. వానలు లేని ఏడు ఇక్కడి కుటుంబాలు కూలికోసం దూరదేశాలకు తరలిపోవడం తరతరాల కథ. ఒకప్పుడు ఊరు విడిచినవారికి రేషను విడిచినట్లే. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య ఒక రాష్ట్రపు కార్డుతో మరొక రాష్ట్రంలో ధాన్యం తీసుకొనే ఏర్పాటు మొదలైంది. 2022 నాటికి అది అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. నేడు నాగర్‌కర్నూల్ కూలీ ముంబయిలోని దుకాణంలో వేలు పెడితే, ఆ యంత్రాన్ని చేసినవారికి పాలమూరు తెలియకపోవచ్చు. కేంద్రం మాత్రం ఆ ముద్రను విప్పగలగాలి. యంత్రం కాదన్నప్పుడల్లా దోషం గుప్తీకరణానిదే అని చెప్పడం నా ఉద్దేశం కాదు. మట్టిపనితో అరిగిన వేళ్ళు, అందని సిగ్నలు, నమోదులోని తప్పులు కూడా కారణాలే. కాని ఆ కారణాలు కంటికి కనిపిస్తాయి. బైట్ల తేడా కనిపించదు. డీలరుకు తెలియదు, కూలీకి అసలే తెలియదు.

పొత్తు కుదరనప్పుడు కొందరు ఒక అడ్డదారి తొక్కుతారు. సి.బి.సి.లో ఆదివరుస అందడం లేదని ఇ.సి.బి.కి దిగిపోవడం, లేదా ఆదివరుసను ఎప్పటికీ సున్నలుగానే ఉంచడం ఆ దారి. రెండు భాషలూ వెంటనే కలిసిపోతాయి, పని ముగిసిందనిపిస్తుంది. తాళం తేలికగా రావడం లేదని తలుపును ఓరగా వేసి ఉంచడం వంటిదే ఇది. పొత్తు కోసం రక్షణను తగ్గించుకొనేకంటె, నియమాలను వ్రాసుకోవడానికి ఒక పూట వెచ్చించడం నయం.

ఆ వ్రాతలో లక్షణంతోపాటు లక్ష్యం కూడా ఉండాలి. అప్పకవీయం వంటి లక్షణగ్రంథాలలో నియమం చెప్పిన వెంటనే ఉదాహరణ పద్యం కనిపిస్తుంది. నియమాన్ని సరిగా గ్రహించామో లేదో ఆ పద్యంతో పోల్చుకొని తెలుసుకొంటాం. ఎ.ఇ.ఎస్. ప్రమాణగ్రంథం కూడా ఇట్లాంటి ఉదాహరణలు ఇచ్చింది. 0 నుంచి 15 వరకు వరుస సంఖ్యలు తాళంచెవి. 0, 17, 34 అంటూ 255 వరకు పోయే 16 సంఖ్యలు సందేశం. ఫలితం 105, 196, 224, 216 అని మొదలుకావాలి. ఏ దేశంలో ఏ భాషలో వ్రాసిన సాధనానికైనా ఇదే పరీక్ష. ఇందులో తప్పినది ఎ.ఇ.ఎస్. కాదు.

అయితే ఈ ఉదాహరణలో ఉన్నవన్నీ సంఖ్యలే. మన కార్యాలయాలకు ప్రోగ్రాములు వ్రాసేవారు దీనితో తృప్తిపడితే అక్షరాల చిక్కు బయటపడదు. ఇంగ్లీషు పేరుతో పరీక్షించినా చాలాసార్లు బయటపడదు. వారు వ్రాసుకొనే పరీక్షల పట్టికలో మూడు తెలుగు పేర్లైనా ఉండాలి. గుప్తీకరణానికి ముందు యు.టి.ఎఫ్.-8లో గద్వాల 18 బైట్లు, వనపర్తి 21, కనిపించని సంకేతంతో కూడిన నాగర్‌కర్నూల్ 39. అవతల విప్పిన తరువాత కూడా అవే సంఖ్యలు, అవే అక్షరాలు రావాలి. ఆ కనిపించని 3 బైట్లతో సహా.